మడతలో పడ్డ అవ్వ

ప్రియమైన అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాసేది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. చిన్నత్తయ్యగారి మోకాలు ఎలా ఉంది? ఆపరేషన్ అయినావిడ మంచం దిగనంటున్నారా, లేక మీరే దిగనివ్వడం లేదా? ఆవిడ ప్లేస్కూలు పిల్లలందరూ ఇప్పుడు మీ నెత్తిన పడ్డారని మీ అబ్బాయి చెప్పారు. మీరు పిల్లల్ని చూసుకుంటున్నారా, పిల్లలు మిమ్మల్ని చూసుకుంటున్నారా అని ఆయనకి అనుమానం. అన్నది మీ అబ్బాయే, నేను కాదు.

ఫోన్ చేస్తే మీరు "ఆఁ? ఏంటీ?" అని అరవడం, నేను అంతకన్నా గట్టిగా అరవడం, పక్కవాటా వాళ్ళు తలుపు తీసి చూడ్డం, ఇదంతా ఎందుకని ఉత్తరమే రాస్తున్నాను.

అసలు సంగతేంటంటే, పుస్తకం అయిపోయింది! చివరి బొమ్మ నిన్న పొద్దున్న పూర్తిచేసి ఎడిటరమ్మ చేతిలో పెట్టొచ్చాను. ప్రెస్‌కి వెళ్ళిపోయింది. మీరు చెప్పిన కథలో ఒక్క సంగతి కూడా వదల్లేదు. బక్కచిక్కిన అవ్వ కూతుర్ని చూడ్డానికి అడవిలో పడి వెళ్తుందా, నక్కా, ఎలుగుబంటీ, పులీ ఒకదాని తర్వాత ఒకటి అడ్డం వస్తాయా, "ఇప్పుడు నన్ను తింటే ఎముకలు తప్ప ఏం దొరుకుతాయి నాయనా, కూతురింట్లో నాలుగు రోజులు తిని ఒళ్ళుచేసి వస్తా, అప్పుడు తిందువుగాని" అని అన్నిటికీ ఒకే మాట చెప్పి తప్పించుకుంటుందా, అదంతా ఉంది. తిరిగొచ్చేటప్పుడు కూతురు పెద్ద గుమ్మడికాయని తొలిచి, అందులో అవ్వని కూర్చోబెట్టి దొర్లించడం కూడా ఉంది. గుమ్మడికాయ దొర్లే పేజీలు వేస్తుంటే నాకే కళ్ళు తిరిగాయి.

పులి పంజాతో కొడితే గుమ్మడికాయ రెండు చెక్కలవుతుంది కదా, ఆ బొమ్మ రెండు పేజీల నిండా వేశాను. ఎడం పేజీలో ఒక చెక్క, కుడి పేజీలో ఒక చెక్క, సరిగ్గా మధ్యలో గుప్పిళ్ళ నిండా మట్టి పట్టుకుని అవ్వ. కింద పెద్ద అక్షరాలతో "అదిగో అవ్వ!" అని. పేజీ తిప్పితే పులి కళ్ళలో మట్టి పడుతుంది, అవ్వ ఇంటికి పరుగెడుతుంది.

ఇంకో సంగతి చెప్పాలి. కోప్పడకూడదు. ఆ అవ్వకి మీ మొహం వచ్చేసింది. నేను కావాలని పెట్టలేదు. మొదట ఎవరో పరాయి అవ్వని వేశాను, ఎంత వేసినా నవ్వలేదు. మీరు కథ చెప్తూ పులి దగ్గరకొచ్చాక కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి చూస్తారు కదా, అలా వేయగానే బొమ్మ లేచి కూర్చుంది.

ఈ పుస్తకం పిల్లలకి నచ్చితే మిగతా కథలన్నీ కూడా నాకే ఇస్తానంది ఎడిటరమ్మ. కాకినీ, కుందేలునీ, మాట్లాడే పిడకనీ, అన్నిటినీ! లేబుళ్ళ ఆఫీసులో సబ్బుపెట్టెల మీద నురగ బొమ్మలు వేసుకుంటూ కూర్చున్న దాన్ని. నాకు ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి?

మీ ఆశీస్సులు కోరుతూ,
మీ కోడలు

* * *

ప్రియమైన కోడలు పిల్లకి,

ఆశీస్సులు. మీ ఉత్తరం కాదు, నీ ఉత్తరం అందింది. మా వాడు ఉత్తరం చివర సంతకం కూడా పెట్టలేదు. వాడి చేతికి ఏమైనా అయిందా?

నా మొహమే దొరికిందా నీకు? ఇంతమంది అవ్వలుండగా! అయినా నేనెప్పుడు బక్కచిక్కాను తల్లీ? వెళ్ళేటప్పటి అవ్వకి ఎవరి మొహమైనా పెట్టుకో, తిని ఒళ్ళుచేసి వచ్చేటప్పటి అవ్వ మాత్రం నేనే అయితే నాకే అభ్యంతరమూ లేదు. మా చెల్లెలికి ఉత్తరం చదివి వినిపిస్తే, "అక్కా, నీ మొహం చూశాక పులి ఓడిపోవడంలో వింతేముంది" అంది. మోకాలు బాగుపడుతున్నట్టే ఉంది, నోరు ముందే బాగుపడింది.

ఇక్కడ పిల్లలు నన్ను ఊపిరి సలపనివ్వడం లేదు. బూట్లు ఎడమా కుడీ మార్చి తొడుక్కోవడం, ఒకళ్ళ గ్లాసులో ఒకళ్ళు మూతి పెట్టడం, ఉన్నట్టుండి అందరూ కలిసి ఏడుపు. కథ మొదలుపెడితే మాత్రం కిక్కురుమనరు. గిరజాల జుట్టు పిల్ల ఒకతి ఉంది, నేను తప్పు చెప్తే వేలు చూపించి మరీ దిద్దుతుంది. ఎలుగుబంటి కంటే నక్క ముందు రావాలట. నిన్న అలా చెప్పానట, ఇవాళ ఇలా ఎందుకు చెప్పానట! వీళ్ళకి పుస్తకం చూపించాలని నాకు కాళ్ళు నిలవడం లేదు. మొదటి కాపీ ఎవరికిస్తావో నాకు తెలీదు, రెండోది మాత్రం నాకు పంపు.

నేను చెప్పిన కథకి నువ్వు బొమ్మలు వేస్తావని ఎన్నడైనా అనుకున్నానా? పెళ్ళయిన కొత్తలో నువ్వు నా వంటింటి గోడ మీద బొగ్గుతో పిల్లి బొమ్మ గీస్తే మొహం మాడ్చుకున్నాను కానీ, ఆ పిల్లిని ఇప్పటికీ తుడవలేదు. గమనించావా?

నీ మేలు కోరే,
అత్త (బక్కచిక్కనిది)

* * *

ప్రియమైన అత్తయ్యగారికి,

పుస్తకం వచ్చింది. ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. ఉత్తరం చదివాకే పుస్తకం తెరవండి, నా మాట వినండి.

కట్ట విప్పి పైపుస్తకం చేతిలోకి తీసుకున్నాను. కొత్త కాగితం వాసన, నా రంగులన్నీ ఉన్నవి ఉన్నట్టు దిగాయి. సంతోషంతో గబగబా గుమ్మడికాయ పగిలే పేజీకి తిప్పాను. అవ్వ లేదు.

అవ్వ లేదండీ అత్తయ్యగారూ. ఎడం వైపు ఒక చెక్క, కుడి వైపు ఒక చెక్క, వెనక పులి నోరు తెరుచుకుని చూస్తోంది, కింద "అదిగో అవ్వ!" అని ఇంత లావు అక్షరాలు. ఎక్కడ అవ్వ? పేజీల మధ్య మడతలోకి వెళ్ళిపోయింది. మొత్తం మనిషి, కళ్ళజోడుతో సహా.

తప్పు నాదే. నేను ఇంట్లో నమూనా పుస్తకం చేసుకున్నప్పుడు కాగితాలు మడిచి మధ్యలో దారంతో కుట్టుకున్నాను, అది బల్లపరుపుగా తెరుచుకునేది. అచ్చు పుస్తకానికి అలా కాదు, పిల్లల చేతుల్లో ఊడిపోకుండా అంచున గట్టిగా కుట్టి జిగురు పెడతారు. అలా కుడితే ప్రతి పేజీ లోపలి అంచు కొంత కనపడకుండా పోతుంది. మధ్యలో ఏమీ పెట్టొద్దని ఎడిటరమ్మ మొదటి రోజే చెప్పింది. అన్ని పేజీల్లోనూ గుర్తుపెట్టుకున్నాను. ఈ ఒక్క పేజీలో మీ మొహం కుదిరిందన్న సంబరంలో పడి మర్చిపోయాను. ప్రెస్ నుంచి వచ్చిన ప్రూఫ్ కూడా పరిచిన కాగితమే కాబట్టి అందులో అవ్వ నిక్షేపంగా ఉంది. ఎడిటరమ్మా చూసింది, నేనూ చూశాను, ఇద్దరం మురిసిపోయాం.

ఎడిటరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "అదిగో అవ్వ అని రాసి అవ్వని చూపించకపోతే పిల్లలకి ఏం చెప్తామమ్మా" అని తల పట్టుకుని కూర్చుంది. బయటికి వెళ్ళిన కాపీలన్నీ వెనక్కి తెప్పించి, అచ్చయిన పుస్తకాలన్నిటినీ ముక్కలు చేయించేస్తారట. మిగతా కథలు ఇంకో ఆర్టిస్టుకి ఇవ్వాలని వాళ్ళ ఆఫీసులో వాళ్ళు అంటున్నారట. ఆయన చాలా అనుభవం ఉన్నవాడు, ఇలాంటివి చేయడు. కథలు మీవి కాబట్టి మీ అనుమతి కోసం ఆవిడ మీకు ఉత్తరం రాస్తుంది. దయచేసి సరేననండి. నా మొహం చూసి మీ కథల్ని ఆపకండి. అవి పిల్లలకి అందాలి.

నేను రంగులూ కుంచెలూ పెట్టెలో సర్ది అటక మీద పెట్టేశాను. లేబుళ్ళ ఆఫీసులో మళ్ళీ రమ్మన్నారు. మీ అబ్బాయి అటక వైపు చూసి మొహం పక్కకి తిప్పుకుంటున్నారు.

క్షమించమని అడిగే,
మీ కోడలు

* * *

ప్రియమైన కోడలికి,

ఉత్తరం చదవకుండానే పుస్తకం తెరిచాను. ఎవరైనా అంతే చేస్తారు.

చూశాను. నిజమే, నన్ను నొక్కేశావు. ఎడిటరమ్మ ఉత్తరం కూడా మర్నాడే వచ్చింది. నేను జవాబు రాశాను. ఏం రాశానో నీకు చెప్పను. కథలు నావి అన్నారు కదా, నా ఇష్టం. ఈ విషయంలో నాకు సలహాలు రాయొద్దు, పిల్లలకి పాలు కాచే టైమైంది.

నువ్వు బొమ్మలు వేసుకునే బల్ల మాత్రం ఎవరికీ ఇచ్చేయకు.

అత్త

* * *

ప్రియమైన అత్తయ్యగారికి,

చాలా రోజులు మీ ఇంకో ఉత్తరం కోసం చూశాను. రాలేదు. ఇవాళ ఎడిటరమ్మ ఫోన్ చేసింది. ఆ కొత్త ఆర్టిస్టు వేసిన బొమ్మలు చూడాలని మీరే అడిగారటగా. ఆయనతో అదే గుమ్మడికాయ పేజీ మళ్ళీ వేయించి, అది పట్టుకుని మీ దగ్గరకి బయల్దేరుతున్నానంది. మీ దగ్గరున్న ఆ ఒక్క కాపీ కూడా వెనక్కి తీసుకుంటుందట. మిగతావన్నీ వచ్చేశాయట, అదొక్కటే బాకీ.

చూడాలన్నారంటే ఒప్పుకున్నట్టే కదా. సరేననమని నేనే రాశాను. మీరు నా మాట విన్నారు. అయినా ఫోన్ పెట్టేశాక వంటింట్లో నిలబడి, కుళాయి తిప్పి మరీ ఏడ్చాను. దాచడం ఎందుకు, నాకు కష్టమేసింది. మీరు ఒక్కసారి "పోనీలేవే, ఇంకోసారి జాగ్రత్తగా వేద్దువుగాని" అంటారేమో అని మనసులో ఎక్కడో ఉంది. మీరేమో "నొక్కేశావు" అన్నారు. నిజమే అన్నారు, కానీ ఆ మాట గుచ్చుకుంది.

సోమవారం నుంచి ఆఫీసుకి వెళ్తున్నాను. మళ్ళీ సబ్బు, మళ్ళీ నురగ. చేయి అలవాటు మర్చిపోలేదు. పక్క కుర్చీలో అక్క "వచ్చేశావా, మంచి పని చేశావు" అని టీ ఇప్పించింది. ఆవిడ మంచికే అంది.

ఆ కొత్తాయన బొమ్మలు బాగుంటే నాకు నిజంగానే సంతోషం. అవ్వకి కళ్ళజోడు పెట్టమనండి, అది మాత్రం అడగండి.

చిన్నత్తయ్యగారిని అడిగినట్టు చెప్పండి.

మీ కోడలు

* * *

ప్రియాతిప్రియమైన నా పిచ్చి కోడలికి,

ముందు కళ్ళు తుడుచుకో. తర్వాత మా వాణ్ణి అటకెక్కించి ఆ పెట్టె దింపించు. దింపించాకే మిగతా ఉత్తరం చదువు. నువ్వు చదివేస్తావని నాకు తెలుసు, నేనేమైనా తక్కువదాన్నా? అయినా చెప్పడం నా ధర్మం.

అంతా మొదట్నుంచీ చెప్తాను. నీ పుస్తకం వచ్చిన రోజే పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చదివాను. గుమ్మడికాయ పేజీ దాకా బాగానే సాగింది. పేజీ తిప్పి, గొంతు పెంచి, "అదిగో అవ్వ!" అన్నాను. పిల్లలు చూశారు. "ఏదీ?" అన్నారు. అచ్చు తప్పమ్మా అంటే వాళ్ళకేం అర్థమవుతుంది? పేజీ తిప్పేద్దామనుకుంటుంటే గిరజాల పిల్ల లేచొచ్చి నా చెయ్యి పట్టుకుంది. పుస్తకం మీదకి వంగి చాలాసేపు చూసింది. తర్వాత రెండు అరచేతులూ రెండు పేజీల మీద ఆనించి, నాలుక బయటపెట్టి, ఉన్న బలమంతా పెట్టి అటూ ఇటూ నొక్కింది. పుస్తకం టప్పున చప్పుడు చేసింది. మడతలోంచి నా కళ్ళజోడులో ఒక అద్దం, సగం ముక్కు, ఒక గుప్పెడు మట్టి బయటికొచ్చాయి.

"దాక్కుంది!" అంది ఆ పిల్ల.

ఇక చూసుకో. నేను చూస్తా నేను చూస్తా అని ఒకటే తోపులాట. ఒక్కొక్కళ్ళూ వచ్చి నొక్కడం, అవ్వని చూడడం, చేతులు వదిలేస్తే అవ్వ మళ్ళీ లోపలికి పోవడం, కేరింతలు. పులి అక్కడే నోరు తెరుచుకుని గుమ్మడికాయలోకి చూస్తోంది కదా. "దానికి కనపడలేదు, మనకే కనపడింది" అని ఒకడు గెంతాడు.

మర్నాడు మళ్ళీ అదే కథ కావాలన్నారు. అదే పేజీ వచ్చింది. నేను అలవాటుగా "అదిగో అ..." అన్నానో లేదో, అందరూ ఒక్కసారిగా నా నోరు మూశారు. నిజంగా చేతులతోనే మూశారు, అన్నీ జిగురు చేతులే. "ష్! అరవకు, పులి వింటుంది!" అన్నారు. అప్పట్నుంచీ ఆ పేజీ రాగానే ఇల్లంతా నిశ్శబ్దం. ఊపిరి బిగబట్టి, గుసగుసగా "అదిగో అవ్వ" అనుకుని, మెల్లిగా పేజీలు విప్పి చూస్తారు. మా చెల్లెలు కర్ర పట్టుకుని మంచం దిగి వచ్చి మరీ నొక్కి చూసింది. డాక్టరు దిగమన్నప్పుడు దిగలేదు!

ఇదంతా నీకు వెంటనే రాయాలని చెయ్యి దురదపెట్టింది. రాయలేదు. ఎందుకంటావా? నేను సంబరపడి రాసి, ఎడిటరమ్మ కాదంటే, నీకు రెండోసారి దెబ్బ తగిలేది. మొదటి దెబ్బకే కుంచెలు అటకెక్కించావు. అందుకే ఆవిడకి కథలు ఇస్తానూ అని రాయలేదు, ఇవ్వననీ రాయలేదు. "అమ్మా, ఒకసారి వచ్చి నా పిల్లల మధ్య కూర్చోండి, ఆ కొత్తాయన బొమ్మ కూడా తీసుకురండి, రెండూ చూశాక మీరేమంటే అదే" అని రాశాను. పొడిపొడిగా ఉత్తరం రాసింది కూడా అందుకే. ఇంకో రెండు వాక్యాలు రాస్తే లోపలున్నదంతా కక్కేసేదాన్ని. అది నీకు గుచ్చుకుందని చదివాక అన్నం సహించలేదు తల్లీ.

ఎడిటరమ్మ నిన్న వచ్చింది. మంచి మనిషి. పెద్ద కుర్చీ వేస్తానంటే వద్దని పిల్లల చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చుంది. ముందు కొత్తాయన బొమ్మ చూపించాం. అబద్ధం చెప్పకూడదు, బొమ్మ చక్కగా ఉంది. అవ్వ కుడి పేజీలో నిండుగా నిలబడి ఉంది, మట్టి రేణువులు కూడా లెక్కపెట్టొచ్చు. పిల్లలు చూశారు. "అవ్వ" అన్నారు. పేజీ తిప్పమన్నారు.

తర్వాత నీ పుస్తకం తీశాను. ఎడిటరమ్మని చూసి కూడా వీళ్ళేం మొహమాటపడలేదు. ఆ పేజీ రాగానే ఆవిడ నోటి మీద కూడా ఒక చెయ్యి పడింది. ఆవిడ బిత్తరపోయింది. గిరజాల పిల్ల ఆవిడ రెండు చేతులూ తీసుకుని పేజీల మీద పెట్టి, "నువ్వు నొక్కు, మెల్లిగా" అని గుసగుసగా చెప్పింది. ఆవిడ నొక్కింది. లోపలికి తొంగి చూసింది. ఆ చూడ్డంలో ఆవిడ కళ్ళజోడు కూడా ముక్కు మీదకి జారింది. తర్వాత ఆవిడ నవ్విన నవ్వు నువ్వు విని ఉండాల్సింది. ఈ పుస్తకాన్ని తనే చూసి, తనే బాగుందని పంపించి, తనే వెనక్కి పట్టుకుపోవడానికి వచ్చిన మనిషి, చిన్న కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

"ఇది పొరపాటే కదండీ" అంది. పొరపాటే అన్నాను. నేను కాదనలేదు, నువ్వూ కాదనొద్దు. "కానీ ఈ పొరపాటుని సరిదిద్దితే వీళ్ళు ఊరుకోరు" అంది. పుస్తకాలు ముక్కలు చేయడం లేదు. వెనక్కి వచ్చినవన్నీ మళ్ళీ వెళ్తున్నాయి, పిల్లలు నొక్కీ నొక్కీ పుస్తకం వీపు విరగ్గొట్టకుండా లోపల గుడ్డపట్టీ అంటించి మరీ. మిగతా కథలన్నీ నీవే. కాకీ, కుందేలూ, పిడకా, అన్నీ. ఆవిడ నీకు ఫోన్ చేసేలోపు ఈ సంగతి నేనే చెప్పాలని పరుగున ఉత్తరం వేయిస్తున్నాను. ఒకవేళ ఫోనే ముందొస్తే, నా కోసం ఈ ఉత్తరం చదివేటప్పుడు మొదటిసారి వింటున్నట్టు ఆశ్చర్యపో.

ఇంకొక్క మాట. నాకు భయం వేసింది. పుస్తకం పోతుందని కాదు, కథలు పోతాయని కాదు, కథలు నా నోట్లోనే ఉన్నాయి. నువ్వు ఇంక ఎప్పటికీ కుంచె ముట్టవేమోనని భయం వేసింది. నీ చేతిలో ఉన్నది అటక మీద పెట్టే వస్తువు కాదే. ఇన్నాళ్ళూ గుండె మీద బండరాయి పెట్టుకుని తిరిగాను, నిన్న దిగింది. రాత్రి హాయిగా నిద్రపోయాను. నువ్వు కూడా ఇవాళ హాయిగా పడుకో.

వెళ్ళేముందు ఎడిటరమ్మ ఆ కాపీ ఇమ్మంది, ఆఫీసులో అందరికీ చూపిస్తానని. ఇద్దామంటే గిరజాల పిల్ల ఇవ్వలేదు. పుస్తకం గుండెకి హత్తుకుని గోడకి ఆనుకుని నిలబడింది. ఎంత బతిమాలినా వదల్లేదు. చివరికి ఎడిటరమ్మే మోకాళ్ళ మీద కూర్చుని, "ఎందుకమ్మా ఇవ్వవు?" అని అడిగింది.

"అవ్వ ఒక్కతే ఎలా వెళ్తుంది? దారిలో పులి ఉంటుంది" అంది ఆ పిల్ల.

ఎడిటరమ్మ ఉత్త చేతులతోనే వెళ్ళింది.

ఎప్పటికీ నీ పక్కనే ఉండే,
అత్త